గడియ, సైరను, ఆదివారము: ఉప్పల్, నాచారములలో మన కాలము గడచిన తీరు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, దేవాలయము ఎప్పుడు కట్టిరి, గంట ఎవరు ఇచ్చిరి, కాపరులు ఎవరెవరు వచ్చిరి అను వరుసలోనే వ్రాయవలెనని మేము తలంచితిమి. ఆ సంగతులను మాకంటె బాగుగా ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాయుచున్నారు. ఉప్పల్, నాచారము, మల్లాపూరు, హబ్సిగూడలలో కాపురముండు మేము కొందరము కలసి కూర్చుండి పాత సంగతులు చెప్పుకొనుచుండగా వేరొక ప్రశ్న పుట్టినది. మన తాతల, తండ్రుల, బిడ్డల కాలము ఇన్నాళ్ళు ఎవరి చేతిలో ఉండెను? తమదని చెప్పుకొనదగిన గడియ వారికి ఎంత మిగిలెను? మిగిలిన దానిని ఒంటరిగా ఎట్లు గడపిరి, పదిమందితో కలసి ఎట్లు గడపిరి? కట్టడముల తేదీలు రాళ్ళపై చెక్కబడి యుండును. గడియల చరిత్ర మాత్రము ఎవరో ఒకరు చెప్పుకొననిదే నిలువదు. అందుచేత ఈ చిన్న ప్రయత్నము.

పల్లె పొద్దు

ఇప్పుడు మెట్రో స్టేషను, క్రికెట్ స్టేడియము ఉన్న ఉప్పల్ ఒకప్పుడు పొలములు, చెరువులు గల పల్లె. ఉప్పల్‌కు నల్లచెరువు, నాచారమునకు పెద్ద చెరువు. మూసీ ఒడ్డున గడ్డి కోసి పట్నములోని పశువులకు అమ్ముకొని బ్రతికినవారు కూడ ఉండిరి. ఆ ఇండ్లలో గడియారము లేదు. కోడికూత, పొద్దుపొడుపు, అంబటి పొద్దు, పగటిపూట, పొద్దుగూకు, మాపు, ఇవియే వారి గంటలు. పంచాంగము తెలిసినవారు దినమును 60 ఘడియలుగా లెక్కించెడివారు. ఘడియ యనగా మన 24 నిమిషములు, జాము అనగా 3 గంటలు.

ఆ కాలములో విశ్రాంతియే లేదని అనుకొనరాదు. కొన్ని పల్లెలలో సోమవారమునాడు ఎద్దులకు నాగలి కట్టరు. తాపీమేస్త్రీలు అమావాస్యనాడు పని ముట్టరు. ఈ ఆచారమును నేటికీ మన ప్రాంతములోని కట్టడముల వద్ద చూడవచ్చును. అయితే అందరి పొద్దు అందరిదీ కాదు. తెలంగాణ పల్లెలలో వెట్టి అను దుర్మార్గము ఉండెడిది. దొర కబురు వచ్చినచో చేతిలోని పని విడిచి, కూలి లేకుండ పోవలసినదే. ఆంధ్ర మహాసభవారు దీనికి వ్యతిరేకముగా గొంతెత్తిరి. మన సంఘములలోని అనేక కుటుంబముల పెద్దలు ఆ వెట్టిని ఎరిగినవారే. భూమి లేనివాని పేదరికమును గూర్చి మనము తరచుగ మాటలాడుదుము. తన పొద్దు తనది కానివాని పేదరికమును గూర్చి అంతగా తలంచము.

ఒకే ఊరిలో రెండు సెలవు దినములు

నిజాం ప్రభుత్వ కాలములో హైదరాబాదు సంస్థానమునకు తన నాణెము ఉన్నట్లే తన పంచాంగము కూడ ఉండెను. సర్కారు కాగితములలో ఫస్లీ సంవత్సరమును వ్రాసెడివారు. ఆ సంఖ్యకు సుమారు 590 కలిపినచో మన క్రీస్తు శకము వచ్చును. కచేరీలకు, సర్కారు పాఠశాలలకు వారపు సెలవు శుక్రవారము. ఉప్పల్‌కు కొద్ది మైళ్ళ దూరములోనే సికింద్రాబాదు కంటోన్మెంటు. అక్కడ ఆంగ్లేయుల పద్ధతిని ఆదివారము సెలవు. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకరు సర్కారు కొలువులో, మరొకరు కంటోన్మెంటులో ఉన్నచో, ఇద్దరూ కలసి ఇంట నుండు దినము వారములో ఒక్కటియు లేదు. సర్కారు కొలువులోని క్రైస్తవునికి ఆదివారము పనిదినము. 1948లో సంస్థానము భారతదేశములో చేరిన పిదప వారపు సెలవు ఆదివారమునకు మారినది. ఈనాటి మన బిడ్డలకు ఆదివారము సెలవు అనునది సూర్యోదయమువలె సహజముగా కనబడును. మన నగరములో అది అంత పాతది కాదని వారు తెలిసికొనవలెను.

గడియారమును మన ప్రాంతమునకు తెచ్చినది ముఖ్యముగా రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెరువబడినది. తరువాత మౌలాలి మీదుగా వరంగల్ వైపునకు మార్గము సాగినది. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము వెలసినది. బండి పొద్దును చూచి కదలదు, నిమిషమును చూచి కదలును. దేశమంతటికీ ఒకే కాలమానము 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా నక్షత్రశాల నక్షత్రములను చూచి కాలమును లెక్కకట్టెడిది.

సాయంకాలపు దీపములు

ఇట్లు పగలంతయు ఇతరులకు పోగా, సాయంకాలమున మిగిలిన కొద్దిపాటి గడియలను హైదరాబాదువారు ఏమి చేసిరి? ఇక్కడ రెండు మంచి ఉదాహరణలు కలవు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు చదువుకు ఆదరణ లేని ఆ దినములలో కచేరీ ముగించుకొని వచ్చినవాడు అక్కడ ఒక పుస్తకమును తెరచుకొని కూర్చుండుటకు చోటు దొరకినది. పఠన మందిరము చిత్రమైన చోటు. అక్కడ ప్రతివాడును ఒంటరియే, అయినను ఎవడును ఒంటరివాడు కాడు. ప్రక్కవాడు పేజీ త్రిప్పు చప్పుడు మనకును చదువ ధైర్యము నిచ్చును.

రెండవది భాగ్యరెడ్డి వర్మగారి సేవ. 1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించి, అంటరానివారని త్రోసివేయబడిన ప్రజలను భజనలకు, హరికథలకు ఒకచోట చేర్చిరి. 1910లో ఈసామియా బజారులో పాఠశాల తెరచిరి. పగలంతయు కూలిచేసి అలసిన మనుష్యుడు రాత్రి నాలుగు మంచి మాటలు వినుటకు వచ్చినాడనిన, ఆ గడియ వానికి ఎంత ప్రియమైనదో మనము ఊహింపవచ్చును. వారికి తీరిక ఎక్కువగా నుండుటచేత చదువుకొనలేదు. ఉన్న కొద్ది తీరికను ఒక వేళకు, ఒక చోటికి కూడగట్టుకొనిరి.

వారమునకు నలువది ఎనిమిది గంటలు

కర్మాగారములు వచ్చిన పిదప ఈ ప్రశ్న దేశమంతట తీవ్రమైనది. బొంబాయి మిల్లులలో వారమునకు ఏడు దినములును పని యుండెడిది. నారాయణ మేఘాజీ లోఖండే అను కార్మిక నాయకుడు ఏండ్ల తరబడి విన్నపములు చేయగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు ఒప్పుకొనిరి. మరుసటి ఏటి ఫ్యాక్టరీల చట్టములో వారపు సెలవు చేరినది. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో 54 గంటలు, 1946లో 48 గంటలు అని పని హద్దు క్రమముగా తగ్గినది. 60 నుండి 48కి వచ్చుటకు 24 ఏండ్లు పట్టినది. మనము నేడు సులువుగా గడుపు ఒక్కొక్క గంట వెనుక ఎందరి శ్రమ యున్నదో ఈ లెక్క చెప్పుచున్నది.

1948 ఫ్యాక్టరీల చట్టము ఆదివారమును వారపు సెలవుగా చెప్పినది. అయితే అందులోనే ఒక వెసులుబాటు కూడ నుంచినది. ఆదివారమునకు ముందు మూడు దినములలో గాని, తరువాత మూడు దినములలో గాని ఒక దినము సెలవిచ్చినచో ఆదివారము పని చేయించుకొనవచ్చును. బట్టీలు, బాయిలర్లు ఆర్పరాని చోట్ల ఇది అవసరమే. కాని ఈ చిన్న మాట మన నాచారమునకు వచ్చిన పిదప ఎంత పని చేసినదో ఇప్పుడు చెప్పెదము.

నాచారము సైరను

1960, 1970 దశకములలో నగరపు తూర్పు దిక్కు మారిపోయినది. 1961లో ఉప్పల్ రోడ్డున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో కుషాయిగూడ వైపున ఇ.సి.ఐ.ఎల్., 1971లో ఎన్.ఎఫ్.సి. వచ్చినవి. ఉప్పల్, నాచారము, మల్లాపూరు, చర్లపల్లిలలో పారిశ్రామికవాడలు వెలసినవి. మెదక్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుండి, కృష్ణా, గుంటూరుల నుండియు జనులు పనికై వచ్చి స్థిరపడిరి. మన సంఘము పెరిగినది వారితోనే. అంబటి పొద్దు పోయి ఫస్టు షిఫ్టు వచ్చినది. ఆరింటి నుండి రెండింటి వరకు, రెండింటి నుండి పదింటి వరకు, పదింటి నుండి మరల ఆరింటి వరకు. సైరను వినబడగానే సైకిళ్ళు, టిఫిను డబ్బాలు రోడ్డెక్కెడివి. పెండ్లికొడుకునకు హెచ్.ఎం.టి. వాచీ పెట్టుట ఆ దినములలో గౌరవము. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ సహాయముతో మొదలైన ఆ వాచీల కంపెనీని మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. మన నాచారములోని హెచ్.ఎం.టి. నగర్ పేరు మాత్రము నిలిచియున్నది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. 1980 దశకములో మేము యౌవనస్థుల సమాజములో ఉండి హాజరు పుస్తకము వ్రాయుచుంటిమి. బుధవారము రాత్రి ఏడున్నరకు గృహ ప్రార్థన, ఆదివారము ఉదయము తొమ్మిదింటికి ఆరాధన. ఒక కర్మాగారములో పనిచేయు సహోదరుడు మూడు నెలలుగా కానరాలేదు. ఆయన పేరు ఎదుట వరుసగా సున్నలు పడినవి. ఆయన చల్లారిపోయినాడని మాలో మేమే తీర్పు చెప్పుకొని, సంఘపెద్ద నొకరిని వెంటబెట్టుకొని హెచ్చరించుటకు పోతిమి. పగలు పదకొండు గంటల వేళ. ఒకే గది ఇల్లు. ఆయన భార్య నోటిపై వ్రేలు పెట్టుకొని బయటకు వచ్చినది. పిల్లలిద్దరు చప్పుడు చేయకుండ వాకిట చెట్టు క్రింద కూర్చుండిరి.

“పెద్దయ్యా, జర మెల్లగ మాట్లాడుండ్రి. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పండిండు” అని ఆమె చెప్పినది. “సెలవు మంగళారం ఇచ్చిండ్రు. మంగళారం చర్చికి తాళమేసి ఉంటది గద. అయినా పోతడు. మెట్ల మీద జరసేపు కూసోని ఒస్తడు.”

సంఘపెద్దగారు ఏమియు మాటలాడలేదు. దారిలో కొంత దూరము వచ్చిన తరువాత, “మనము సున్నలు వేసినది ఆయనకు కాదు” అని మాత్రము అన్నారు.

ఆ మనుష్యుడు తన కాలమును చెడుగా వాడుకొనలేదు. ఒంటరిగా చేయదగినదంతయు ఆయన చేయుచునే యుండెను. ఆయనకు లేనిది సెలవు కూడ కాదు. చట్టప్రకారము వారమునకు ఒక దినము వచ్చుచునే యున్నది. ఆ దినమున ఆయనతో కలసి కూర్చుండు మనుష్యుడు లేడు, అంతే. భార్య పనిలో, పిల్లలు బడిలో, సంఘము తాళము వెనుక. ఆ నెలలోనే మేము మూడు పనులు చేసితిమి. హాజరు పుస్తకములో షిఫ్టు అను గడి గీసితిమి. గృహ ప్రార్థనను ఒక వారము ఉదయము, ఒక వారము సాయంకాలము, ఒక వారము మధ్యాహ్నము మూడింటికి మార్చుకొంటిమి. దేవాలయపు తాళపుచెవి ఒకటి ప్రక్క ఇంటివారి వద్ద ఉంచి, ఎవరు ఏ దినమున వచ్చినను తెరచునట్లు ఏర్పాటు చేసితిమి. మూడవ నెలలో ఆ సహోదరుడు మధ్యాహ్నపు ప్రార్థనకు భార్యతో కూడ వచ్చి కూర్చుండినాడు.

లోకము నేర్చుకొనిన పాఠము

ఇది మన చిన్న సంఘపు అనుభవమే అయినను, పెద్ద దేశములే ఈ పాఠమును కష్టపడి నేర్చుకొన్నవి. ఫ్రాన్సు దేశపు విప్లవకారులు 1793లో ఏడు దినముల వారమును తీసివేసి పది దినముల వారమును పెట్టిరి. ఆరు దినముల తరువాత దొరకు విశ్రాంతి తొమ్మిది దినముల తరువాతకు పోయినది. జనులకు అది రుచింపలేదు. 1806 జనవరి 1 నుండి ఆ పంచాంగమే రద్దయినది.

సోవియట్ రష్యావారు 1929లో మరొక ప్రయోగము చేసిరి. యంత్రములు ఒక్క దినమైనను ఆగకూడదని అయిదు దినముల వారమును పెట్టి, పనివారిని అయిదు గుంపులు చేసి, గుంపునకొక రంగును గుర్తుగా నిచ్చి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క దినము సెలవు ఇచ్చిరి. లెక్కకు చూచినచో విశ్రాంతి పెరిగినది, ఏడింట ఒక దినమునకు బదులు అయిదింట ఒక దినము. కాని భర్తది పసుపు, భార్యది ఎరుపు అయినచో ఇద్దరూ కలసి ఇంట నుండు దినము లేదు. స్నేహితులు కలియరు, చుట్టములు రారు. 1931లోనే అందరికీ ఒకే సెలవు గల ఆరు దినముల వారమునకు మారిరి. 1940లో మరల ఏడు దినముల వారమునకు, ఆదివారమునకు వచ్చిరి. మంగళవారమునాడు మెట్లమీద కూర్చుండిన మన సహోదరుని కథ, ఆ గొప్ప రాజ్యపు కథ ఒక్కటే.

క్రైస్తవ రాజ్యములు మాత్రము ఎల్లప్పుడు న్యాయముగా నడచినవని చెప్పలేము. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారమును విశ్రాంతి దినముగా శాసించినప్పుడు పట్టణవాసులకే దానిని వర్తింపజేసి, పొలము పనివారిని విడిచిపెట్టెను. మోషే ధర్మశాస్త్రములోని విశ్రాంతి దినపు ఆజ్ఞ అట్లు కాదు. అందులో దాసదాసీలకును, ఇంటనున్న పరదేశికిని, పశువులకును కూడ పాలు కలదు. విశ్రాంతి ఒక్కని సొత్తు కాదని, ఇంటివారందరికీ ఒకే దినమున రావలెనని దాని భావము.

తీరిక దొరకిన దినములు

పని తగ్గినచో కాలము దానంతట అదే బాగుపడునని అనుకొనుట కూడ పొరపాటే. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. రెండు నెలలకు పైగా దేవాలయములు మూతబడి, జూన్ 8న మన రాష్ట్రములో తిరిగి తెరువబడినవి. సైరను లేదు, బస్సు లేదు. మాలో చాలమందికి జీవితములో మొదటిసారి చేతినిండ తీరిక. మొదటి వారము ఇల్లు సర్దుకొంటిమి. రెండవ వారము నుండి పగలు ఏదో, రాత్రి ఏదో తెలియకపోయినది. అప్పుడు స్త్రీల సమాజమువారు ఒక పద్ధతి పెట్టిరి. సాయంకాలము ఆరింటికి ప్రతి ఇంటివారు మరొక ఇంటికి ఫోను చేయవలెను. ఒంటరిగా నున్న పెద్దలకు తప్పక చేయవలెను. ఆ ఒక్క పిలుపు దినమునంతటిని నిలబెట్టినది. ఆరింటికి ఏదైన చెప్పుకొనవలెను గనుక ఉదయము ఏదైన చదివితిమని, కుట్టితిమని, మొక్కకు నీళ్ళు పోసితిమని ఒక విధవరాలైన తల్లి మాతో అన్నది. కలసికొను వేళ ఒకటి యున్నచో ఒంటరి వేళలకు కూడ పని కలుగునని మాకు అప్పుడు తెలిసినది.

నేటి మన వేళ

2017 నవంబరులో మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడచుట మొదలైనది. గంటల ప్రయాణము నిమిషములలోనికి వచ్చినది. ఆ మిగిలిన నిమిషములు ఎచ్చటికి పోవుచున్నవో మన చేతిలోని ఫోనును అడుగవలెను. మన బిడ్డలలో కొందరు ఇప్పుడు కంప్యూటరు కంపెనీలలో అమెరికా వేళలకు పని చేయుచున్నారు. వారి రాత్రి షిఫ్టునకు సైరను లేదు గనుక ప్రక్కింటివారికి కూడ తెలియదు. అడ్డా మీద నిలుచు కూలీలు పని దొరకునో లేదో తెలియక ఉదయమంతయు ఎదురుచూపులోనే పోగొట్టుకొనుచున్నారు. ఆహారము తెచ్చి ఇచ్చు యువకులకు ఆదివారమే ఎక్కువ పని. వారిలో మన సంఘపు బిడ్డలు ఉన్నారు. ఒకనాటి సున్నలే మరల వేయుచున్నామేమో చూచుకొనవలెను.

కనుక ఈ శతవార్షికోత్సవ సమయమున మా విన్నపములు మూడు. మొదటిది, ఏ కూటమునకైనను వేళను నిర్ణయించుటకు ముందు, ఆ వేళకు రాలేనివారెవరో అడిగి తెలిసికొందము. రెండవది, చెప్పిన వేళకు మొదలుపెట్టుదము. నూరుమంది కూర్చున్న సభను అరగంట ఆలస్యముగా మొదలుపెట్టినచో ఏబది గంటలు పోయినట్లే. ఒక కార్మికుని వారపు పని కంటె అది ఎక్కువ. రాత్రి పని చేసి నిద్ర మానుకొని వచ్చినవాని అరగంట మన అరగంట కంటె విలువైనది. మూడవది, దేవాలయ ఆవరణలో ఒక చిన్న పఠన మందిరమును ప్రతి దినము తెరచి యుంచుదము. ఒంటరిగా కూర్చుండ గోరువానికి అక్కడ నెమ్మది దొరకును. ఒంటరితనము భరింపలేనివానికి మరొక మనుష్యుడు కనబడును.

మేము వ్రాసిన ఈ నాలుగు మాటలలో తప్పులున్నచో పెద్దలు మన్నించి సరిదిద్దగలరు. పాత దినముల షిఫ్టులను, కూటములను ఎరిగినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. వారి జ్ఞాపకములను వ్రాసియుంచు పనిని యౌవనస్థులు ఈ ఏడాదిలోనే చేపట్టవలెనని కోరుచున్నాము. ప్రక్క ఇంటివారి వద్ద నుంచిన ఆ తాళపుచెవి ఈనాటికి అక్కడనే కలదు. ఏ దినమైనను, ఏ వేళనైనను అడిగి తీసుకొనవచ్చును.